26 ఏళ్లకు వీల్‌చైర్ బ్యాడ్మింటన్ మొదలుపెడితే కెరీర్ అవుతుందా?

పాతసర్వీసు
అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతూనే ఉన్నా, రాయడం మాత్రం ఇదే మొదలు. కాలేజీలో బ్యాడ్మింటన్ బాగానే ఆడేవాణ్ణి. తర్వాత యాక్సిడెంట్ అయింది, వెన్నుపాము దెబ్బతింది. కాళ్లలో కదలిక లేదు, నడుము పూర్తిగా నిలబడదు, చేతులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. ఈమధ్య ఒక హాల్లో స్పోర్ట్స్ చైర్‌లో కూర్చుని ఆడి చూశాను. షటిల్ ఎక్కడ పడబోతోందో కళ్లకి తెలుస్తోంది, అక్కడికి చేరేసరికి అది నేల మీద ఉంటోంది. భలే చిరాకు.

నా వయసు 26. దీన్ని సీరియస్‌గా తీసుకోవాలని ఉంది. ఆలస్యమైపోయిందా? ఎన్నేళ్లు ఆడొచ్చు? ముందు ఏం నేర్చుకోవాలి? ఇంకో మాట, కలిసిన ప్రతివాళ్లూ "నువ్వు ఇన్‌స్పిరేషన్ బ్రో" అంటున్నారు కానీ "నీ బ్యాక్‌హ్యాండ్ ఘోరంగా ఉంది" అని ఒక్కడూ అనడం లేదు. నాకు రెండో రకం వాళ్లు కావాలి.

నెట్‌కార్డ్
ఆలస్యం అన్న మాట ముందు తీసెయ్ బ్రో. పారిస్ 2024 పారాలింపిక్స్‌లో పురుషుల డబ్ల్యూహెచ్1 (వీల్‌చైర్ ఆటగాళ్లకున్న రెండు క్లాసుల్లో ఒకటి, రెండోది డబ్ల్యూహెచ్2) సింగిల్స్ కాంస్యం ఎవరిదో తెలుసా? జర్మనీ ఆటగాడు థామస్ వాండ్‌ష్నైడర్‌ది. అప్పటికి ఆయన వయసు 60. అవును, అరవై. మామూలు బ్యాడ్మింటన్ సింగిల్స్‌లో 35 దాటితేనే రిటైర్మెంట్ ఎప్పుడని అడుగుతారు.

ఇటు చివర చూస్తే జపాన్ కుర్రాడు దైకి కజివారా. స్కూల్లో బేస్‌బాల్ ఆడేవాడు, రోడ్డు ప్రమాదంలో కుడికాలు పోయింది, టోక్యోలో డబ్ల్యూహెచ్2 సింగిల్స్ స్వర్ణం గెలిచేసరికి 19 ఏళ్లు. ఫైనల్లో ఓడించింది కూడా ఎవర్నో కాదు, అంతకుముందు ప్రపంచ టైటిళ్లు వరసబెట్టి కొట్టిన కొరియా ఆటగాడు కిమ్ జుంగ్ జున్‌ని. పారిస్‌లో మళ్లీ స్వర్ణం.

నీ కథకి దగ్గరగా ఉండేది మాత్రం సరీనా సతోమి. స్కూల్లో బ్యాడ్మింటన్ ఆడింది, 2016లో యాక్సిడెంట్‌లో వెన్నుపాము దెబ్బతింది, 2017లో చైర్‌లో మొదలుపెట్టింది, 2019 బాసెల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. టోక్యోలో సింగిల్స్, డబుల్స్ రెండూ స్వర్ణాలే. పారిస్‌లో సింగిల్స్ స్వర్ణం నిలబెట్టుకుంది. అంటే ఆట ముందే వచ్చినవాళ్లు చైర్ నేర్చుకుంటే ఎంత తొందరగా పైకి రావచ్చో చూడు. అందరూ సతోమి కాలేరనుకో, అది వేరే సంగతి.

సుదర్శనచక్రం
డబ్ల్యూహెచ్2 ప్లేయర్‌ని. నెట్‌కార్డ్ చెప్పింది బాగుంది కానీ ఒక మెలిక ఉంది. పాత ఆటగాళ్లకి పాత అలవాట్లే పెద్ద అడ్డు. నీకు షటిల్ ఎక్కడ పడుతుందో ముందే తెలుస్తుంది కాబట్టి కళ్లు, ర్యాకెట్ చేయి ముందే వెళ్లిపోతాయి, చైర్ అక్కడే ఉంటుంది. నువ్వు చేరలేకపోవడం కాదు, ఆలస్యంగా కదులుతున్నావు.

కొన్నాళ్లు షటిల్ పక్కన పెట్టు. ర్యాకెట్ చేతిలో ఉంచుకునే చైర్ తొయ్యడం నేర్చుకో. ఒట్టి చేతులతో ఎంత స్పీడుగా తోసినా అది లెక్కలోకి రాదు, ఎందుకంటే మ్యాచ్‌లో ఒక చేతిలో ర్యాకెట్ ఉంటుంది. హ్యాండిల్‌ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించి, అరచేతి మడమతో రిమ్‌ని నొక్కి తొయ్యాలి. మొదట్లో ఆ చేత్తో తోపు సగమే వస్తుంది, చైర్ ఓ పక్కకి లాగేస్తుంది. బొబ్బలు లేస్తాయి, చిట్లుతాయి, మళ్లీ లేస్తాయి.

తర్వాత వెనక్కి వెళ్లడం. అసలు ఆట అక్కడుంది. ముందుకి ఎవడైనా వెళ్తాడు. షటిల్ నెత్తి మీదుగా వెనక్కి పోతున్నప్పుడు రెండు రిమ్‌లూ ఒక్క గుంజు గుంజి, చైర్ ఇంకా వెనక్కి జారుతూ ఉండగానే చేయి పైకి లేపి కొట్టాలి. చైర్ ఆగాక కొడదామంటే షటిల్ ఆగదు.

కోచ్‌మావయ్య
చక్రం చెప్పినదానికి కారణం కోర్టు కొలతల్లోనే ఉంది. సింగిల్స్‌లో వీల్‌చైర్ వాళ్లకి కోర్టు వెడల్పు సగమే, పొడవు మాత్రం తగ్గించరు. పైగా నెట్‌కీ షార్ట్ సర్వీస్ లైన్‌కీ మధ్య ఉన్న 1.98 మీటర్ల జాగాలో పడితే అవుట్. ఒకవైపు కోర్టు 6.7 మీటర్లు, అందులోంచి అది తీసేస్తే మిగిలింది 4.72 మీటర్ల లోతున్న సన్నటి దారి. ఇందులో పక్కలకి పరిగెత్తించడం తక్కువ, ముందుకీ వెనక్కీ తిప్పడమే ఎక్కువ.

పాతసర్వీసు, నీకు కాలేజీలో వచ్చిన నెట్ డ్రాప్ ఇక్కడ పనికిరాదు, నెట్‌ని ముద్దాడి కింద పడితే పాయింట్ అవతలివాడికి. డ్రాప్ సర్వీస్ లైన్ దాటి పడాలి. నెట్ ఎత్తు మాత్రం తగ్గించరు, మధ్యలో అదే 1.524 మీటర్లు. కూర్చుని కొడుతున్నావు కాబట్టి నిలబడి కొట్టినట్టు పైనుంచి కిందికి స్మాష్ దిగదు. అందుకే ర్యాలీలు అంత సాగుతాయి. క్లియర్ (వెనక లైన్ దాకా ఎత్తుగా పంపే షాట్), క్లియర్, క్లియర్, అవతలివాడు కాస్త పొట్టిగా ఇచ్చాడా, అప్పుడు డ్రాప్. చూసేవాళ్లకి ఒకే షాట్ మళ్లీ మళ్లీ కొడుతున్నట్టుంటుంది. ప్రతి క్లియర్ అవతలి చైర్‌ని ఒక జానెడు వెనక్కి నెడుతోందని ఆడేవాడికి తెలుస్తుంది.

వీల్‌చైర్ టెన్నిస్‌లో బంతి రెండుసార్లు నేలకి తగిలినా పర్లేదు, మూడోసారి తగిలేలోపు కొడితే చాలు. మనకి ఆ భాగ్యం లేదు, షటిల్ ఎగరదు కదా.

సర్వీస్ రూల్ కూడా ఇప్పుడే అలవాటు చేసుకో. కొట్టేటప్పుడు షటిల్ మొత్తం చంక కన్నా కిందే ఉండాలి. చక్రాలు కదలకూడదు. సర్వ్ చేసేవాడి చైర్ చేయి ఊపుకి సహజంగా కాస్త వెనక్కి కదిలితే మాత్రం పర్లేదు.

వెనకసీటు
నేను కాస్త ఎదురు మాట్లాడతా, తిట్టుకోకండి. పేర్లు చెప్పి ఉత్సాహపరచడం బాగుంది కానీ ఆ చైర్ లేకపోతే ఇవన్నీ గాల్లో మాటలు. మంచి చైర్ ఉన్నవాడు గెలుస్తాడు, లేనివాడు క్లియర్లు ఏరుకుంటాడు. ఇది ఆటా, సామాన్ల పోటీయా?

సుదర్శనచక్రం
సగం ఒప్పుకుంటా. హాల్లో అందరూ వాడే చైర్‌కీ నీ కొలతలకి చేయించుకున్నదానికీ తేడా చాలా ఉంటుంది, అందులో వాదన లేదు. సీటు రెండు వేళ్లు వెడల్పు ఎక్కువైనా నువ్వు ఒకవైపు తిరిగితే చైర్ తిరగదు, నీ తుంటి మాత్రమే తిరుగుతుంది. వెనక సపోర్ట్ చక్రం లేని చైర్ అయితే వెనక్కి వాలడానికే భయపడతావు. ఆ భయం ఉన్నంతకాలం వెనక కోర్టులో నువ్వు లేనట్టే.

కానీ ఖరీదైన చైర్ కొనుక్కుని మొదటి రౌండ్లో ఇంటికెళ్లినవాళ్లని బోలెడుమందిని చూశా. ముందు ఆడుతూ ఉండు, నీకు ఏం కావాలో తెలిశాక చేయించుకో. మొదట్లోనే చేయించుకుంటే ఏడాదికి నీ కూర్చునే తీరే మారిపోతుంది, కొలతలన్నీ వృథా.

సగంకోర్టు
డబ్ల్యూహెచ్1 ఆడతాను, ఆడవాళ్లలో. పాతసర్వీసు తమ్ముడూ, నడుము పూర్తిగా నిలబడదన్నావు కాబట్టి నువ్వూ మా క్లాసులోకే రావచ్చు. తేల్చేది నువ్వూ నేనూ కాదు, క్లాసిఫికేషన్ ప్యానెల్. స్థూలంగా చెప్తే కాళ్లతో పాటు నడుము, పొట్ట భాగంలో కూడా పట్టు తక్కువున్నవాళ్లు డబ్ల్యూహెచ్1, కాళ్లలో ఇబ్బంది ఉన్నా నడుము బాగానే పనిచేసేవాళ్లు డబ్ల్యూహెచ్2.

ఆ తేడా కోర్టులో ఎలా ఉంటుందంటే, సుదర్శనచక్రం లాంటి వాళ్లు వెనక్కి వాలి, దాదాపు పడుకున్నట్టుగా అయ్యి, కొట్టి మళ్లీ పొట్ట బలంతో లేచి కూర్చుంటారు. నేను అంత వాలితే లేవడానికి చేయి కావాలి. ఆ చేయి రిమ్ మీదకి వెళ్లిందంటే తర్వాతి షటిల్‌కి నేను లేటు. అందుకే ఎడమ చేతిని చక్రం మీదే ఆనించి ఉంచి, అదే స్తంభంలా పెట్టుకుని కుడిచేత్తో కొడతా. స్ట్రాప్ బిగించడం కూడా ఒక విద్య. నడుం దగ్గర సాగే బెల్టు, తొడల మీద ఇంకోటి. మరీ బిగిస్తే ఊపిరి తిరగదు, వదులైతే కొట్టేటప్పుడు ముందుకి తూలతావు. రెండో గేమ్‌లో చెమటకి స్ట్రాప్ జారుతుంది, ఇంటర్వెల్‌లో నీళ్ల బాటిల్ కన్నా ముందు నా చేయి దాని మీదకే పోతుంది.

వెనకసీటు
అదే నా రెండో అనుమానం అక్కా. ప్యానెల్ ఒకసారి ఇటు, ఒకసారి అటు అంటే కెరీర్ ఏం కావాలి? పైకి చూస్తే ఒకేలా ఉన్నవాళ్లు వేరే వేరే క్లాసుల్లో ఉంటారు.

సగంకోర్టు
ఆ టెన్షన్ నిజమే, కాదనను. ముందు మెడికల్ కాగితాలు చూస్తారు, తర్వాత టేబుల్ మీద కండరాల బలం, కూర్చున్నప్పుడు నిలకడ పరీక్షిస్తారు, ఆ తర్వాత అసలు మ్యాచ్‌లో ఎలా ఆడుతున్నావో చూస్తారు. కొందరికి క్లాస్ ఖాయం చేస్తారు, కొందరికి మళ్లీ చూస్తామంటారు. ఆ "మళ్లీ" వచ్చేదాకా కొందరు నిద్రపోరు. డబ్ల్యూహెచ్1లో పైన ఉన్నవాణ్ణి డబ్ల్యూహెచ్2లోకి మారిస్తే ఒక్కరోజులో వాడి ఆట మొత్తం చిన్నదైపోతుంది. తన శరీరం మారలేదు, ఎదురుగా ఉన్నవాళ్లు మారారు. అన్యాయం అనిపించినవీ చూశాను, న్యాయమే అని తర్వాత అర్థమైనవీ చూశాను.

ఇందులో లాభం కూడా ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. డబుల్స్‌లో ఇద్దరి క్లాస్ అంకెలు కలిపితే 3 దాటకూడదు. అంటే ఇద్దరు డబ్ల్యూహెచ్2లు జత కట్టడానికి లేదు, ప్రతి జోడీలో కనీసం ఒక డబ్ల్యూహెచ్1 ఉండి తీరాలి. మంచి డబ్ల్యూహెచ్1 కోసం డబ్ల్యూహెచ్2 వాళ్లు వెతుక్కుంటూ వస్తారు. సతోమి డబ్ల్యూహెచ్1, టోక్యోలో ఆమెతో స్వర్ణం గెలిచిన యూమా యమజాకి డబ్ల్యూహెచ్2. మగవాళ్లలో అదే టోక్యోలో గెలిచిన చైనా జోడీ కూడా అంతే, క్యు జిమో డబ్ల్యూహెచ్1, మై జియాన్‌పెంగ్ డబ్ల్యూహెచ్2. తమ్ముడూ, నీ సింగిల్స్ ర్యాంకు ఎలా ఉన్నా డబుల్స్‌లో నీకు డిమాండ్ ఉంటుంది. కెరీర్ అన్నావు కాబట్టి చెప్తున్నా, చాలామందిని నిలబెట్టేది డబుల్సే.

కోచ్‌మావయ్య
నూటికి నూరుపాళ్లు నిజం. డబుల్స్ అంటే ఫుల్ కోర్టు, రెండు చైర్లు. నిలబడి ఆడే డబుల్స్‌లో ఒకరి వెనకనుంచి ఒకరు దూరిపోవచ్చు, ఇక్కడ చైర్లు గుద్దుకుంటే పాయింట్ పోయినట్టే. అందుకని పక్కపక్కనే ఆడతారు, అవతలివాళ్లు ఎప్పుడూ ఇద్దరి మధ్యకే కొట్టి చూస్తుంటారు. మధ్యలో వచ్చింది ఎవరిదో ముందే మాట్లాడుకోని జోడీని నేను కోర్టు బయటినుంచే గుర్తుపడతాను, ఇద్దరూ షటిల్‌ని వదిలేసి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

భుజబలం
ఫిజియోని. మీరంతా ఆట గురించి చెప్తున్నారు, నేను బిల్లు గురించి చెప్తా. పాతసర్వీసు "ఎన్నేళ్లు ఆడొచ్చు" అని అడిగారు. దానికి జవాబు మీ భుజాల్లో ఉంది.

నిలబడి ఆడేవాడికి భుజం కొట్టడానికి మాత్రమే. మీకు భుజమే కాళ్లు కూడా. పొద్దున మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి కారులోకి, అక్కడినుంచి స్పోర్ట్స్ చైర్‌లోకి, ఇదంతా ఆటకి ముందే భుజం మీద పడిపోయిన బరువు. దానిపైన ప్రాక్టీస్‌లో తొయ్యడం, తల పైన కొట్టడం. రొటేటర్ కఫ్ (భుజం కీలుని పట్టి ఉంచే కండరాలు) నొప్పి మొదలైతే మామూలు ఆటగాడికి "కొన్ని వారాలు రెస్ట్" అని చెప్పేస్తాం. మీకు ఎలా చెప్పను? భుజానికి రెస్ట్ అంటే బాత్రూమ్‌కి వెళ్లొద్దని చెప్పడమే.

అందుకే ముందు రోజునుంచే వెనక వీపు కండరాలు, భుజం రెక్కల మధ్య కండరాలు గట్టిపరచుకోండి. తోసే కండరాలు ఎలాగూ పెరుగుతాయి, లాగే కండరాలు వెనకబడతాయి, భుజం ముందుకి గుంజుకుపోతుంది, అక్కడ చేయి పైకెత్తితే లోపల నలుగుతుంది. చక్రం చెప్పిన వెనక్కి లాగే ప్రాక్టీస్ ఆట కోసమే కాదు, దీనికీ మంచిదే.

రెండోది, చర్మం. నడుము కింద స్పర్శ లేకపోతే ఒత్తిడి పుండు పడుతున్నా తెలియదు. స్పోర్ట్స్ చైర్ సీటు బిగుతుగా ఉంటుంది, చెమట, ఒరిపిడి, గంటల తరబడి టోర్నమెంట్. రోజూ అద్దం పెట్టుకుని చూసుకోండి. కాస్త ఎర్రబడి, నొక్కితే రంగు మారకపోతే ఆ రోజు ఆట బంద్. మొండికేసి ఆడితే నెలల తరబడి బోర్లా పడుకోవాల్సి వస్తుంది. స్మాష్ రాక కెరీర్ పోయినవాళ్ల కన్నా దీనివల్ల పోయినవాళ్లే నాకు ఎక్కువ తెలుసు.

మూడోది వేడి. వెన్నుపాము దెబ్బ ఎంత పైన ఉంటే దాని కింద అంతమేర చెమట సరిగ్గా పట్టదు. షటిల్ గాలికి కొట్టుకుపోతుందని హాల్లో ఫ్యాన్లు ఆపేస్తారు, అప్పుడు ఒళ్లు కుక్కర్‌లా అవుతుంది. తడి టవల్, నీళ్లు చల్లే స్ప్రే బాటిల్ కిట్‌లో ఉండాల్సిందే. మ్యాచ్ ఉంది కదా, బాత్రూమ్ గొడవ ఎందుకని నీళ్లు తాగడం మానేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే టోర్నమెంట్ పోవడం ఒక్కటే కాదు, కిడ్నీలు కూడా దెబ్బతినొచ్చు.

పాతసర్వీసు
భుజబలం గారూ, నిజం చెప్పాలంటే భయం వేసింది, కానీ ఇదే కావాలని అడిగాను కాబట్టి థాంక్స్. అద్దం సంగతి హాస్పిటల్లో చెప్పారు, మధ్యలో మానేశాను, ఈరోజునుంచి మళ్లీ.

అక్కా, డబుల్స్ లెక్క నాకు అసలు తెలియదు! నేను డబ్ల్యూహెచ్1 అంటే తక్కువ రకం ఏమో అనుకుని దిగులుపడుతున్నా.

ఒక ప్రశ్న. కొట్టేటప్పుడు సీటు మీంచి కాస్త లేస్తే ఎత్తు దొరుకుతోంది. తొడల మీద స్ట్రాప్ లేకుండా ఒక చేత్తో చక్రం మీద నొక్కి లేపితే అంగుళమో రెండంగుళాలో వస్తోంది. అది తప్పా?

కోచ్‌మావయ్య
తప్పే. షటిల్ తగిలే క్షణంలో నీ మొండెం సీటుకి ఆని ఉండాలి. పాదాలు కూడా ఫుట్‌రెస్ట్ మీదే ఉండాలి, ఆటలో నేలకి తగిలితే ఫాల్ట్. అంపైర్లు దీన్ని చూస్తూనే ఉంటారు. ఆ రెండంగుళాలకి ఆశపడి అలవాటు చేసుకుంటే కీలకమైన పాయింట్ దగ్గర పిలుస్తారు. ఎత్తు కావాలంటే మోచేయి పూర్తిగా చాచి కొట్టు. నువ్వు బహుశా వంచి కొడుతున్నావు, చైర్‌లో కొత్తవాళ్లందరూ వంచే కొడతారు.

వెనకసీటు
సరే, నా మూడో గొడవ. డబ్బు. ప్రైజ్‌మనీ మీద బతికే ఆట కాదిది. 1998లో మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగితే పారాలింపిక్స్‌లోకి రావడానికి టోక్యో దాకా, అంటే 2021 దాకా పట్టింది. అన్నేళ్లూ ఆడినవాళ్లు ఏం తిని ఆడారు?

నెట్‌కార్డ్
ఉద్యోగాలు చేసుకుంటూ ఆడారు బాస్. ఇప్పటికీ ఎక్కువమంది అంతే. 2014లో పారాలింపిక్స్‌లోకి తీసుకుంటున్నట్టు ప్రకటించాక కొన్ని దేశాల్లో ఫుల్‌టైమ్ కోచింగ్, జీతాలు వచ్చాయి, పోటీ ఒక్కసారిగా పెరిగింది. ముందు తరం వాళ్లకి ఇది చేదు, వాళ్ల మంచి వయసంతా పారాలింపిక్స్ లేకుండానే అయిపోయింది. వాండ్‌ష్నైడర్ పతకం నాకు అందుకే అంత నచ్చింది, ఆ తలుపు తెరిచేదాకా ఆయన ఆటలోనే ఉన్నాడు.

సగంకోర్టు
ఉద్యోగం వదలొద్దు తమ్ముడూ, నేనూ వదల్లేదు. పొద్దున జిమ్, సాయంత్రం కోర్టు, మధ్యలో ఆఫీసు. సెలవులన్నీ టోర్నమెంట్లకే. చుట్టాల పెళ్లిళ్లకి రావడం లేదని మాటలు పడాల్సి వస్తుంది, పడు.

ప్రయాణాల గురించి ఒక ముక్క. స్పోర్ట్స్ చైర్ లగేజీలో వెళ్తుంది, రోజూ వాడే చైర్ విమానం తలుపు దాకా నీతో వస్తుంది. చెక్ఇన్ ముందు రెండు చైర్ల ఫోటోలూ అన్ని వైపులనుంచీ తీసి పెట్టుకో. చక్రాలు ఊడదీసి సంచిలో విడిగా కట్టు. ఒకసారి నా ఫ్రేమ్ వంగి వచ్చింది, ఎంత బిగించినా చైర్ కుడివైపు లాగుతూనే ఉంది, ఆ మ్యాచ్ మొత్తం స్టీరింగ్ పట్టుకున్నట్టు ఎడమచేత్తో ఆపుతూ ఆడాను. అలెన్ కీలు, స్పేర్ ట్యూబులు, చిన్న పంపు నీతోనే ఉంచుకో.

సుదర్శనచక్రం
పంపు చేతి సామానులో పెడితే కొన్నిచోట్ల ఆపుతారు, చెక్ఇన్‌లో వెయ్యడమే మేలు.

పాతసర్వీసూ, నువ్వు కొట్టేటప్పుడు పక్కనుంచి ఒక వీడియో తీయించి ఇక్కడ పెట్టు. మావయ్య మోచేయి చూస్తాడు, నేను చైర్ చూస్తా.

పాతసర్వీసు
పెట్టాను, కింద లింకులో ఉంది. బ్యాక్‌హ్యాండ్ కూడా ఉంది, ధైర్యం చేసి.

కోచ్‌మావయ్య
చూశాను. మోచేయి అనుకున్నట్టే వంగుతోంది. బ్యాక్‌హ్యాండ్ ఘోరంగా ఉంది.

పాతసర్వీసు
😂😂 థాంక్యూ మావయ్యా.

సుదర్శనచక్రం
రెండో నిమిషం దగ్గర ఆపి చూడు, వెనక సపోర్ట్ చక్రం నేలకి బాగా పైన ఉంది. నువ్వు వాలినప్పుడు చైర్ ఠక్కున వెనక్కి ఊగుతోంది, దానికి భయపడే నువ్వు మోచేయి దగ్గరికి లాక్కుంటున్నావు. హాల్లో ఎవరినైనా అడిగి దాన్ని నేలకి ఆనీ ఆననట్టు దింపించు, మళ్లీ వీడియో తియ్యి. మోచేయి సంగతి అప్పుడు మాట్లాడదాం.